సంతోష్ ట్రోఫీ మనది కూడా

సంతోష్ ట్రోఫీ మాట ఎక్కడ వచ్చినా మొదట చెప్పేది ఒకటే, బెంగాల్ 33 సార్లు గెలిచింది అని. నిజమే, ఆ లెక్కకు దరిదాపుల్లో కూడా ఎవరూ లేరు, రెండో స్థానంలో ఉన్నవాళ్లకు ఉన్నవి 8. కానీ ఆ వెంటనే "వాళ్ల రక్తంలోనే ఫుట్‌బాల్ ఉంది, మనకెక్కడిది" అని ఎవరో ఒకరు అంటారు. అది వింటే నాకు ఉక్రోషం వస్తుంది. బెంగాల్‌ను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, కలకత్తా లేకపోతే మన దేశంలో ఈ ఆటే ఈ మాత్రం ఉండేది కాదు. కాకపోతే ఆ కప్పుల్లో కొన్నిటిని గెలిపించింది సికింద్రాబాద్, హైదరాబాద్ గల్లీల్లో ఆట నేర్చుకున్నవాళ్లు. బెంగాల్‌కు వెళ్లకముందు వాళ్లు బెంగాల్‌నే ఓడించారు కూడా. ఈ సంగతి మన పిల్లలకు తెలియదు, పిల్లల సంగతి పక్కన పెడితే నా వయసువాళ్లలో కూడా చాలామందికి తెలియదు. అందుకే రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. క్రికెట్‌లో రంజీ ట్రోఫీ ఎలాగో ఫుట్‌బాల్‌లో సంతోష్ ట్రోఫీ అలాగ. క్లబ్బులు ఆడవు, రాష్ట్రాల జట్లు ఆడతాయి, వాటితో పాటు సైనిక దళాల జట్టు సర్వీసెస్, రైల్వే ఉద్యోగుల జట్టు రైల్వేస్ ఆడతాయి. ఈ చివరి రెండిటి గురించి తర్వాత చెబుతాను, ఈ కథలో వాటి పాత్ర పెద్దది.

తూర్పు బెంగాల్‌లో, ఇప్పటి బంగ్లాదేశ్‌లోని టాంగైల్ దగ్గర, సంతోష్ అనే జమీందారీ ఉండేది. ఆ సంతోష్ మహారాజా మన్మథనాథ్ రాయ్ చౌధురి బెంగాల్ ఫుట్‌బాల్ నడిపే ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్‌కు అధ్యక్షుడిగా చేశాడు. 1939లో ఆయన పోయాక ఆయన జ్ఞాపకంగా అసోసియేషన్ ఒక ట్రోఫీ చేయించి జాతీయ ఛాంపియన్‌షిప్ కోసం ఇచ్చింది. 1941లో కలకత్తాలో మొదటి టోర్నీ జరిగింది, ఫైనల్లో బెంగాల్ 5-1తో ఢిల్లీని చిత్తు చేసింది. మధ్యలో యుద్ధకాలం, రెండేళ్లు టోర్నీ లేదు, 1944లో మళ్లీ మొదలైనప్పుడు ఢిల్లీ తన ఊళ్లోనే 2-0తో బెంగాల్‌ మీద ఆ ఓటమి బాకీ తీర్చుకుంది. రెండో స్థానం జట్టుకు కమలా గుప్తా ట్రోఫీ, మూడో స్థానానికి సంపంగి కప్పు అని ఉన్నాయి. సంపంగి మైసూరుకు చెందిన పాతకాలపు ఆటగాడు, ఆయన గుర్తుగా మైసూరు అసోసియేషన్ ఆ కప్పు ఇచ్చింది. మూడో స్థానం కప్పుకు ఒక ఆటగాడి పేరు, పెద్ద కప్పుకు జమీందారు పేరు. ఆ రోజుల్లో ఆట ఎవరి చేతుల్లో ఉండేదో, ఎవరి కాళ్ల మీద నడిచేదో దీన్నిబట్టే తెలిసిపోతుంది.

మన జట్టు కనిపించేది 1949లో. హైదరాబాద్ ఫైనల్‌కు వెళ్లింది, కలకత్తాలో, బెంగాల్ మీద 5-0 ఓటమి. మరుసటి ఏడాది మళ్లీ ఫైనల్, మళ్లీ కలకత్తా, మళ్లీ బెంగాల్. ఈసారి 1-0. ఏడాది తిరిగేసరికి ఐదు గోల్స్ తేడా ఒక్క గోల్‌కు వచ్చిందంటే మధ్యలో ఏదో జరిగినట్టే కదా. ఆ జరిగింది ఒక మనిషి, పేరు సయ్యద్ అబ్దుల్ రహీం.

రహీం సాబ్ బడిపంతులు. 1940ల్లోనే హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యాడు, 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ అనే పెద్ద క్లబ్ టోర్నీ గెలిచింది. 1950లోనే డ్యూరాండ్ కప్ అనే ఇంకో పెద్ద టోర్నీ ఫైనల్లో కలకత్తా క్లబ్ మోహన్ బగాన్‌ను ఓడించింది. ఒక నగర పోలీసు శాఖ జట్టు ఇదంతా చేసిందని ఇప్పుడు చెబితే నమ్మరు.

ఆయన ఎలా నేర్పించాడో చదివితే ఈ రోజు అకాడమీలు చేస్తున్న పనులన్నీ గుర్తుకొస్తాయి. బంతిని కాళ్ల దగ్గర పెట్టుకుని ఒక్కడే పరుగెత్తడం అప్పట్లో అందరికీ ఇష్టం, చూసేవాళ్లు కూడా దానికే చప్పట్లు కొట్టేవాళ్లు. రహీం ఏం చేశాడంటే డ్రిబ్లింగ్ చేయకూడదు అనే నియమంతో పోటీలు పెట్టాడు. బంతి వచ్చిందా, వెంటనే ఇంకొకరికి ఇవ్వాలి. అలాగే, కుడికాలివాడు ఎడమకాలితోనే ఆడాల్సిన పోటీలు. పొట్టిగా ఉన్నవాళ్లకు వేరే పోటీలు, పొడుగువాళ్ల మధ్య పడి వాళ్లు నలిగిపోకుండా. వీటికి పెద్ద ఖర్చేమీ లేదు, కావాల్సింది ఆలోచన, ప్రతిరోజూ మైదానానికి వచ్చే ఓపిక. ఒక స్కూలు మాస్టారు బుర్ర ఇలాగే పనిచేస్తుందని నాకు అనిపిస్తుంది. ఏ పిల్లవాడికి ఏది రాదో చూసి, దానికే ఒక పరీక్ష పెట్టడం.

1956లో ఫలితం వచ్చింది. త్రివేండ్రంలో ఫైనల్, ఎదురుగా బొంబాయి. మొదటి మ్యాచ్ 1-1 డ్రా, రెండోసారి ఆడితే హైదరాబాద్ 4-1. మొదటి సంతోష్ ట్రోఫీ. ఆ ఏడాది మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ దాకా వెళ్లి నాలుగో స్థానంలో నిలిచిన భారత జట్టుకు కోచ్ కూడా రహీమే, అందులో మన ఊరివాళ్లు ఎంతమందో చూడండి: అజీజుద్దీన్, నూర్ మొహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, పీటర్ తంగరాజ్, తులసీదాస్ బలరాం. ఆ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియా మీద 4-2 గెలుపులో నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడని క్విజ్ పుస్తకాల్లో ఉంటుంది. ఈ ఆరుగురి పేర్లు మాత్రం ఏ క్విజ్‌లోనూ అడగరు.

1957లో టోర్నీ హైదరాబాద్‌కే వచ్చింది. ఫైనల్లో మళ్లీ బొంబాయి, ఈసారి సొంత జనం ముందు 3-1. వరసగా రెండు. ఇక్కడ చిన్న విషయం ఒకటి, నాకు చాలా ఇష్టమైనది. అప్పటికి హైదరాబాద్ రాష్ట్రమే లేదు. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. అయినా సంతోష్ ట్రోఫీ మీద గెలిచిన జట్టు పేరు హైదరాబాద్ అనే ఉంది, ఎందుకంటే హైదరాబాద్ అసోసియేషన్, ఆంధ్ర అసోసియేషన్ ఇంకా కలవలేదు, 1959లో కలిసి ఆంధ్రప్రదేశ్ ఫుట్‌బాల్ అసోసియేషన్ అయ్యాయి. రాష్ట్రం కలిశాక కూడా ఫుట్‌బాల్‌లో రెండు జట్లు. ఈ సందులోనే రెండో కప్పు వచ్చింది.

సరే, ఇంత మంచి జట్టు ఉంటే వరసగా పదేళ్లు గెలవాలి కదా, ఎందుకు గెలవలేదు?

దీనికి జవాబు డబ్బులో ఉంది, ఉద్యోగాల్లో ఉంది. ఆ కాలంలో ఫుట్‌బాల్ పేరుకు అమెచ్యూర్ ఆట. ఆటగాడికి అన్నం పెట్టేది ఉద్యోగం. పోలీసు, రైల్వే, సైన్యం, బ్యాంకు, ఫ్యాక్టరీ, వీటిలో ఎక్కడ నౌకరీ దొరికితే అక్కడి జట్టుకు ఆడాలి. దానికి మించి ఇవ్వగలిగింది కలకత్తా క్లబ్బులు మాత్రమే. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మొహమ్మడన్ స్పోర్టింగ్. మైదానం నిండా జనం, పేపర్లో ఫొటో, సీజన్‌కు ఇంత అని డబ్బు, ఉండడానికి మెస్. 1940ల చివర్లో ఈస్ట్ బెంగాల్ ముందు వరసలో ఆడిన ఐదుగురిని పంచపాండవులు అనేవాళ్లు, ఆ ఐదుగురూ దక్షిణాది నుంచి వెళ్లినవాళ్లే, ఒకరి పేరు అప్పారావు. దారి అప్పటికే పడి ఉంది.

తులసీదాస్ బలరాం ఆ దారినే వెళ్లాడు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టిన పేదింటి పిల్లవాడు, రహీం కంట్లో పడి 1956 హైదరాబాద్ జట్టులోకి వచ్చాడు, అక్కడినుంచి నేరుగా ఒలింపిక్స్. 1957లో ఈస్ట్ బెంగాల్ తీసుకుపోయింది. ఆ తర్వాత సంతోష్ ట్రోఫీలో ఆడింది బెంగాల్‌కు. చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరాం, ఈ ముగ్గురి పేర్లు భారత ఫుట్‌బాల్‌లో ఒకే ఊపిరిలో చెబుతారు, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం వీళ్లదే. జబ్బు చేసి బలరాం ఇరవై ఏడేళ్లకే ఆట మానేయాల్సి వచ్చింది. 2023 ఫిబ్రవరిలో కోల్‌కతాలోనే కన్నుమూశాడు. మన పత్రికల్లో ఆ వార్త చిన్నదిగా వచ్చింది, అక్కడ పెద్దదిగా వచ్చింది, వాళ్లను అనడానికి లేదు, జీవితమంతా వాళ్ల మధ్యే గడిపాడు.

పీటర్ తంగరాజ్ ఇంకో దారిలో వెళ్లాడు. హైదరాబాద్‌లో పుట్టాడు, సైన్యంలో చేరాడు, మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ తరఫున డ్యూరాండ్ గెలిచాడు, ఆసియాలోనే పేరున్న గోల్‌కీపర్ అయ్యాడు. 1960లో కాలికట్‌లో సర్వీసెస్ మొట్టమొదటిసారి సంతోష్ ట్రోఫీ గెలిచింది, ఫైనల్లో బెంగాల్ మీద మొదట 0-0, తర్వాత 1-0. ఆ జట్టు కెప్టెన్ తంగరాజే. మరుసటి ఏడాది రైల్వేస్ గెలిచింది, బొంబాయిలో ఆతిథ్య జట్టునే 3-0తో. అంటే రాష్ట్రాల పోటీలో ఏ రాష్ట్రమూ కాని జట్లు వరసగా రెండేళ్లు గెలిచాయి. ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది ఆ రెండు జట్ల సంగతి తర్వాత చెబుతానని ఎందుకన్నానో. ఈస్టర్న్ రైల్వేలో ఉద్యోగం చేసిన పి.కె. బెనర్జీ కలకత్తా పెద్ద క్లబ్బుల్లో దేనికీ వెళ్లకుండా రైల్వే జట్టులోనే ఆడాడు. ఉద్యోగం ఎవరిదో ఆటగాడు వాళ్లవాడు. సంతోష్ ట్రోఫీ విజేతల జాబితాను నేను ఎప్పుడూ ఇలాగే చదువుతాను, ఏ సంవత్సరం ఎవరు గెలిచారు అంటే ఏ సంవత్సరం ఎవరు ఆటగాళ్లకు జీతం ఇచ్చారు అని.

రహీం 1963 జూన్‌లో క్యాన్సర్‌తో పోయాడు. జకార్తా బంగారం తెచ్చి ఏడాది కూడా కాలేదు. ఆ సీజన్‌లో ఆంధ్రప్రదేశ్ ఫైనల్‌కు వెళ్లి మద్రాసులో మహారాష్ట్ర చేతిలో 1-0తో ఓడింది. రెండేళ్ల తర్వాత, 1965లో, కొల్లంలో బెంగాల్ మీద ఫైనల్. మొదటి మ్యాచ్ 1-1. రెండో మ్యాచ్ 1-0, మనది. ఆంధ్రప్రదేశ్ పేరు మీద ఉన్న ఒకే ఒక్క సంతోష్ ట్రోఫీ అది. 1949లో 5-0తో, 1950లో 1-0తో ఓడించిన బెంగాల్‌నే ఫైనల్లో ఓడించి తెచ్చుకున్నది.

అది గెలిచాక ఏం జరిగిందో ఊహించండి. 1966లో మొహమ్మద్ హబీబ్ ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు, అప్పటికి పదిహేడేళ్ల కుర్రాడు. సయ్యద్ నయీముద్దీన్ కూడా అదే ఏడు వెళ్లాడు. ఇంక 1969 చూడండి, అస్సాంలోని నౌగాంగ్‌లో బెంగాల్ 6-1తో సర్వీసెస్‌ను ఓడించి సంతోష్ ట్రోఫీ గెలిచింది, ఆ టోర్నీలో 11 గోల్స్‌తో అందరికంటే పైన ఉన్నవాడు మన హబీబ్. బెంగాల్ ఖాతాలో పడ్డ ఆ ఒక్క కప్పు చాలు నా మాటకు.

హబీబ్ గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, తప్పదు. కలకత్తాలో ఆయన్ని బడే మియా అనేవాళ్లు. మనిషి చూడ్డానికి బక్కపలచగా, పొట్టిగా ఉండేవాడు, మైదానంలోకి దిగితే తొంభై నిమిషాలూ ఆగకుండా పరుగెత్తేవాడట. ఉద్యోగం ఇస్తాం రమ్మన్నవాళ్లను కాదని ఆటనే వృత్తిగా పెట్టుకున్నాడు. అందరూ నౌకరీ కోసం ఆడుతున్న కాలంలో ఆ నిర్ణయం ఎంత పెద్దదో ఇప్పుడు మనకు అర్థం కాదు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో భారత్ కాంస్యం గెలిచినప్పుడు కెప్టెన్ నయీముద్దీన్, జట్టులో హబీబ్. 1977లో పీలే ఉన్న న్యూయార్క్ కాస్మోస్ కలకత్తాకు వచ్చి మోహన్ బగాన్‌తో 2-2 డ్రా చేసుకుంది, బగాన్ రెండు గోల్స్‌లో ఒకటి హబీబ్‌ది, ఇంకొకటి శ్యామ్ థాపాది. ఆయన తమ్ముడు అక్బర్ 1976 కలకత్తా డెర్బీలో, అంటే ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ పోరులో, మ్యాచ్ మొదలైన 17 సెకన్లకే గోల్ కొట్టాడు, ఆ మాట కోల్‌కతాలో ఏ పెద్దాయన్ని అడిగినా చెబుతాడు. హబీబ్ చివరి రోజుల్లో హైదరాబాద్‌లోనే ఉన్నాడు, 2023 ఆగస్టు 15న పోయాడు. మా బాబాయి ఆ రోజు ఫోన్ చేసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆయన తరం హైదరాబాదీలకు హబీబ్ అంటే ఏంటో నాకు ఆ రోజే తెలిసింది.

వీళ్ల తర్వాత కూడా ప్రవాహం ఆగలేదు. షబ్బీర్ అలీ, 1974లో ఆసియా యూత్ టైటిల్‌ను ఇరాన్‌తో కలిసి పంచుకున్న భారత జట్టు కెప్టెన్, హైదరాబాదే. విక్టర్ అమల్‌రాజ్ కూడా మనవాడే. అందరూ కలకత్తాకే. ఇక్కడ మిగిలింది ఖాళీ అవుతున్న లీగు, తగ్గిపోతున్న మైదానాలు, పక్కన పెరుగుతున్న క్రికెట్. క్రికెట్ మీద నాకు కోపం లేదు, జయసింహ, అబిద్ అలీ, అజహర్ ఆడిన ఊరు ఇది, ఎవరికైనా క్రికెట్ ఎక్కుతుంది. కానీ రహీం పోయాక ఆయన చేసిన పనిని ఇంకొకరికి అప్పజెప్పి, జీతం ఇచ్చి, కొనసాగించే వ్యవస్థ మనవాళ్లు పెట్టలేదు. నా దృష్టిలో అసలు నష్టం అక్కడ జరిగింది. వలస వెళ్లినవాళ్లను తప్పు పట్టే హక్కు మనకు లేదు.

మిగతా రాష్ట్రాలు ఏం చేశాయో చూస్తే ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. కేరళ చాలా ఏళ్లు ఏమీ గెలవలేదు. 1973 డిసెంబర్‌లో ఎర్నాకుళం మహారాజా కాలేజీ మైదానంలో రైల్వేస్ మీద ఫైనల్, 3-2తో గెలిచింది, మూడు గోల్సూ కెప్టెన్ మణివే. మర్నాడు రాష్ట్రమంతా సెలవు ప్రకటించారు. ఒక్క కప్పుకు సెలవు! ఆ రోజు స్టేడియంలో ఉన్న పిల్లల్లో ఎంతమంది బంతి పట్టుకుని ఉంటారో. తర్వాత మళ్లీ గెలవడానికి దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది, 1988 నుంచి 1991 వరకు వరసగా నాలుగు ఫైనల్స్ ఓడిపోయారు, నాలుగు! వాటిలో ఒకటి కొల్లంలో, ఒకటి పాలక్కాడ్‌లో, అంటే సొంతవాళ్ల కళ్లముందే. ఆ జనం ఎలా తట్టుకున్నారో తెలీదు కానీ మైదానానికి రావడం మానలేదు. 1992లో కోయంబత్తూరులో గోవాను 3-0తో కొట్టారు, మరుసటి ఏడాది కొచ్చిలో మళ్లీ గెలిచారు. అప్పటి ఆటగాళ్లలో చాలామంది కేరళ పోలీస్ జట్టువాళ్లు. పోలీసు జట్టు. మనం మొదలుపెట్టిన దారి అది, వాళ్లు పట్టుకున్నారు.

పంజాబ్‌ది ఇంకో కథ. 1974లో జలంధర్‌లో బెంగాల్‌ను 6-0తో ఓడించారు, ఆ టోర్నీలో ఇందర్ సింగ్ ఒక్కడే 23 గోల్స్ కొట్టాడు. బెంగాల్ ఫైనల్లో ఆరు గోల్స్ తిన్నది! గోవా 1982లో బెంగాల్‌తో 0-0 ఆడి కప్పు పంచుకుంది, మరుసటి ఏడాది పంజాబ్‌ను ఓడించి ఒంటరిగా తెచ్చుకుంది. 2002లో మణిపూర్ ఇంఫాల్‌లోనే కేరళను ఓడించింది, 2014లో మిజోరం సిలిగురిలో రైల్వేస్‌ను 3-0తో. ఈ రెండూ చిన్న రాష్ట్రాలు, జనాభాలో మన ఒక్క నగరానికి సరిపోవు. ఈశాన్యంలో ఆటకు ఊపు ఎంత ఉందో చెప్పడానికి ఇవి చాలు.

1996లో జాతీయ లీగ్ మొదలయ్యాక సంతోష్ ట్రోఫీ మెరుపు తగ్గింది, 2014లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) వచ్చాక ఇంకా తగ్గింది. పెద్ద క్లబ్బుల ఆటగాళ్లు ఇప్పుడు ఇందులో కనిపించరు. అందుకని దీన్ని రెండో రకం పోటీ అని తీసిపారేసేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. క్లబ్బు ఎక్కడినుంచైనా ఆటగాడిని కొనుక్కోవచ్చు. మా హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్‌ఎల్ గెలిచినప్పుడు నేను కూడా ఎగిరి గంతులేశాను, కానీ మూడేళ్లకే ఆ క్లబ్ మూట కట్టుకుని ఢిల్లీ వెళ్లి పేరు కూడా మార్చుకుంది. రాష్ట్రం జట్టు ఎక్కడికీ వెళ్లదు. ఊళ్లో ఆట ఎలా ఉందో అదే చెబుతుంది, బాగుంటే బాగుందని, లేకపోతే లేదని.

పైగా జనం లేరనేది అబద్ధం. 2022లో మలప్పురం జిల్లా మంజేరిలో టోర్నీ జరిగితే పయ్యనాడ్ స్టేడియం కిక్కిరిసిపోయింది, సెమీఫైనల్లో కర్ణాటక మీద కేరళ 7-3, సబ్‌స్టిట్యూట్‌గా దిగిన జెసిన్ ఒక్కడే ఐదు కొట్టాడు. ఫైనల్లో ఎక్స్‌ట్రా టైమ్‌లో బెంగాల్ ముందుకెళ్లింది, నాలుగు నిమిషాలు మిగిలి ఉండగా కేరళ సమం చేసింది, పెనాల్టీల్లో 5-4. నేను టీవీలో చూశాను, టెన్షన్‌తో చేతులు చల్లబడిపోయాయి. 2023లో సెమీస్, ఫైనల్ ఏకంగా రియాద్‌లో పెట్టారు, అక్కడ మేఘాలయను 3-2తో ఓడించి కర్ణాటక 54 ఏళ్ల తర్వాత కప్పు ఎత్తింది. అంత దూరం తీసుకెళ్లడం నాకు నచ్చలేదు, ఈ పోటీ చూడాల్సినవాళ్లు షిల్లాంగ్‌లో, బెంగళూరులో ఉన్నారు. గల్ఫ్‌లో పనిచేస్తున్న మనవాళ్లు కొందరైనా చూసి ఉంటారు, అంతవరకు సంతోషమే.

2024 డిసెంబర్‌లో టోర్నీ చివరి దశ హైదరాబాద్‌కు వచ్చింది. గ్రూప్ మ్యాచ్‌లు డెక్కన్ అరీనాలో, సెమీస్, ఫైనల్ గచ్చిబౌలిలో. తెలంగాణ జట్టు ఆడింది, క్వార్టర్స్‌కు మాత్రం చేరలేదు. డిసెంబర్ 31 రాత్రి ఫైనల్, బెంగాల్, కేరళ. ఊరంతా న్యూ ఇయర్ హడావుడిలో ఉంటే నేనూ మా అన్నయ్యా స్టేడియంలో ఉన్నాం. నా వెనక కూర్చున్నవాళ్లు మలయాళంలో అరుస్తున్నారు, ఇక్కడ ఐటీలో పనిచేసే పిల్లలు, పక్కన కొంతమంది బెంగాలీలు. తెలుగులో, ఉర్దూలో అరిచేవాళ్లు తక్కువ, ఎందుకు అరుస్తారు, మన జట్టు లేదు కదా. చాలాసేపు గోల్ లేదు, ఎక్స్‌ట్రా టైమ్ తప్పదనుకుంటుండగా ఇంజురీ టైమ్‌లో రాబి హాన్స్‌దా కొట్టాడు, బెంగాల్ 1-0, టోర్నీలో అతనికి 12వ గోల్, బెంగాల్‌కు 33వ కప్పు.

కొన్ని రోజులకే బెంగాల్ ప్రభుత్వం ఆ జట్టు ఆటగాళ్లకు పోలీసు ఉద్యోగాలు ప్రకటించింది. ఆ వార్త చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. 1950లో హైదరాబాద్ చేసిన పని అది! ఆడేవాడికి పోలీసు నౌకరీ, పొద్దున సాయంత్రం మైదానం, పైన ఒక మంచి మాస్టారు. డెబ్భై అయిదేళ్ల తర్వాత మన ఊళ్లో గెలిచిన కప్పుకు బెంగాల్ అదే బహుమతి ఇస్తోంది.

కాబట్టి నేను అడిగేది పెద్ద స్టేడియం కాదు. స్పోర్ట్స్ కోటాలో ఏటా కొన్ని ఉద్యోగాలు ఫుట్‌బాల్‌కే కేటాయించండి, పోలీసులో, ఆర్టీసీలో, విద్యుత్ శాఖలో, ఎక్కడైనా సరే. జిల్లా లీగులు నెలల తరబడి నడిచేలా చూడండి, మూడు రోజుల్లో ముగించి ఫొటోలు దిగడం కాదు. ఆంధ్రాలో అనంతపురంలో ఆర్‌డీటీ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు ఊళ్లలో పిల్లలతో ఆడిస్తున్నారు, ఆ పని మంచిది, దాన్ని చూసి నేర్చుకోవచ్చు. రెండు రాష్ట్రాలూ ఇప్పుడు వేరువేరు జట్లతో ఆడుతున్నాయి, ఏది ముందు క్వార్టర్స్‌కు వెళ్తుందో పోటీ పడితే అంతకన్నా ఏం కావాలి.

ఇంకొక పని మనమే చేయొచ్చు. సికింద్రాబాద్, తిరుమలగిరి, బొల్లారం, పాతబస్తీ, మల్లేపల్లి వైపు పాత ఇళ్లలో 1956, 1957, 1965 జట్ల ఫొటోలు, పేపర్ కటింగులు, మెడల్స్ పెట్టెల అడుగున ఉండే ఉంటాయి. మీ తాతగారో, నానాజానో, పక్కింటి పెద్దాయనో ఆ రోజుల్లో ఆడి ఉంటే, లేదా 1957 ఫైనల్ చూసి ఉంటే, ఈ ఆదివారమే వెళ్లి కూర్చోండి. ఎవరెవరు ఆడారు, ఏ గ్రౌండ్‌లో ప్రాక్టీసు, ఎవరు ఏ పోలీసు స్టేషన్‌లో పనిచేసేవాళ్లు, రహీం సాబ్ ఏమని తిట్టేవాడు, అన్నీ ఫోన్‌లో రికార్డు చేయండి. ఫొటో ఉంటే వెనక వైపు కూడా స్కాన్ చేయండి, పేర్లు చాలావరకు అక్కడే రాసి ఉంటాయి.